కోత పండుగకు బొగ్గుల బస్తా

పత్తి కట్టె కాలిస్తే వచ్చే పొగ మొయినాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో పత్తి వేసినప్పటి నుంచీ ఉంది. అది కాలుష్యమని మాకు తెలిసింది మాత్రం ఫామ్‌హౌస్‌లు వచ్చిన తర్వాతే. అంతకు ముందు దాన్ని పొగ అనే అనుకునేవాళ్లం.

ఆఖరి ఏరుడు అయిపోయాక పత్తి మోళ్లు పీకి, చేను మధ్యలో కుప్పలు వేసి అంటిస్తారు. ఇంటికి పొయ్యిలోకి కావలసినన్ని మోపులు పోను మిగిలిందే అది. రెండు మూడు రోజులు ఊరి మీద పల్చగా పొగ తేలుతుంది, తర్వాత బూడిద దున్నేస్తారు. ఆ రెండు మూడు రోజుల్లో శనివారం గనక పడితే నగరం నుంచి వచ్చే కార్లకు ఇబ్బంది. వాళ్లు వచ్చేది మంచి గాలి పీల్చుకోవడానికి. అంత దూరం నుంచి, ఒక్కొక్కరు ఒక్కొక్క కారులో.

నేను చేవెళ్ల నుంచి ఒక దినపత్రికకు చాలా ఏళ్లు వార్తలు రాశాను. ఇల్లు మాత్రం కనకమామిడి దగ్గరి మా ఊళ్లోనే. మా ఊరి పొలిమేరలో ఒక పెద్ద ఫామ్‌హౌస్ ఉంది. దాని యజమానికి నగరంలో కంపెనీ ఉంది. మెత్తగా మాట్లాడే మనిషి, ఎదురుపడితే ముందు తనే నమస్కారం పెడతాడు. సగం ఏడాది విమానాల్లో ఉంటాడని అతని మేనేజర్ గర్వంగా చెప్పేవాడు. ఫామ్‌హౌస్ గోడను ఆనుకుని అతనిదే రెండెకరాల చేను ఉండేది. దాన్ని మా ఊరి ఒకామె కౌలుకు చేసేది. వరుసకు నాకు అక్క. సొంత భూమి లేదు. ఆ చేన్లో ఒక ఏడు పత్తి, ఒక ఏడు మక్క, గట్టు వెంబడి టమాట వేసి ఇల్లు నడిపేది. మంచం పట్టిన భర్తను చూసుకునేది కూడా ఆ చేను పుణ్యానే.

ఒక మాఘమాసంలో పొగ శనివారమే లేచింది. మరుసటి వారం ఫామ్‌హౌస్‌లో అవగాహన సదస్సు పెట్టి ఊరందరినీ పిలిచారు. పేపరోణ్ని కాబట్టి నాకు ముందు వరుసలో కుర్చీ వేశారు.

లాన్ మీద షామియానా, నాలుగు పక్కలా తుంపర చల్లే ఫ్యాన్లు. నగరం నుంచి వచ్చిన ఒక చదువుకున్న అమ్మాయి తెర మీద బొమ్మలు చూపించింది. ఎక్కడెక్కడో అడవులు తగలబడుతున్నాయి, మంచుకొండలు కరుగుతున్నాయి, భూమికి జ్వరం వచ్చింది. బొమ్మలు నిజంగానే భయపెట్టేలా ఉన్నాయి. అంతలో కరెంటు పోయింది. గోడ పక్కన జనరేటర్ గుర్రుమని లేచి, నల్లటి పొగ ఒక్క బుక్కెడు షామియానా మీదికి వదిలింది. అందరం మర్యాదగా దగ్గాము. మైకు మళ్లీ పని చేయగానే ఆ అమ్మాయి ఆపిన చోటి నుంచే మొదలుపెట్టింది.

"కాబట్టి ఈ పొగను మనమందరం తగ్గించాలి."

అక్క లేచి నిలబడింది. "ఎవరెంత తగ్గించాలె బిడ్డా?"

"అందరూ ఆంటీ. మీ వంతు మీరు, మా వంతు మేము."

"మా వంతు ఏంది?"

"పత్తి కట్టె కాల్చకపోవడం."

"మంచిది. మరి మీ వంతు?"

ఆ అమ్మాయి యజమాని వైపు చూసింది. అతను నవ్వుతూ మైకు అందుకున్నాడు. "మా ఇంట్లో ప్లాస్టిక్ బాటిల్ అనేదే లేదమ్మా ఇప్పుడు. అన్నీ గాజు సీసాలే."

నా వెనక కూర్చున్న ముసలాయన గొంతు సవరించుకున్నాడు. "గాజు సీసాల ముచ్చట మాకెరుకే సారు. ఆదివారం తెల్లారితే మా గట్టు మీదనే ఉంటయ్."

నవ్వులు సద్దుమణిగాక అందరి చేతా చేయి చాపించి ప్రమాణం చేయించారు. పొగ పెట్టబోమని నేను కూడా ప్రమాణం చేశాను. అవతల బిర్యానీ గిన్నె మూత తీసినట్టు వాసన వస్తోంది, ప్రమాణాలకు అది అనువైన సమయం.

ఆ వార్తను మా పేపరు లోపలి పేజీలో ఫొటోతో సహా వేసింది. అదే పేజీలో కింద ఇంకో చిన్న వార్త ఉంది. ఏదో దేశంలో ప్రపంచ దేశాలన్నీ సమావేశమై, ఉద్గారాలు ముందు ఎవరు తగ్గించాలన్న దగ్గర మాట కుదరక లేచి వెళ్లిపోయాయట. ఈ వార్త నా ఉద్యోగం మొదటి ఏడు నుంచీ చూస్తున్నాను. ఊరు మారుతుంది, ఒంటి మీది కోట్లు మారుతాయి, వార్త మారదు. ఇన్నేళ్లలో ఉద్గారాలను ఎవరు తగ్గించారో నాకు తెలియదు గానీ, ఆ వార్తను మాత్రం మా డెస్కు ప్రతిసారీ తగ్గించింది. మొదట్లో రెండు కాలమ్‌లు వచ్చేది. ఇప్పుడు నాలుగు లైన్లు.

కౌలు మాట మా వైపు ఉగాదికి ఖాయం చేసుకుంటారు. కాగితం ఉండదు. అక్క ప్రతి ఏడూ ఆ వారంలో ఒక గంపెడు టమాటలు తీసుకుని ఫామ్‌హౌస్‌కు పోయేది. యజమాని "కానివ్వమ్మా" అనేవాడు. అంతే కౌలు. ఆ ఏడు గంప తీసుకున్నారు గానీ "కానివ్వమ్మా" మాత్రం రాలేదు.

సాయంత్రం మా ఇంటి అరుగు మీద కూలబడింది అక్క.

"చేన్ల చెట్లు పెడ్తరట తమ్మీ. అడవి చేస్తరట."

"ఎందుకట?"

"సారు, కంపెనీ వాళ్లు విమానాలల్ల మస్తు తిరుగుతరట. ఆ పొగ ఈ చెట్లు తాగుతయట. విమానాలు ఆపేదైతే లేదట, లెక్క మాత్రం సరిపోతదట." కొంగుతో మొహం తుడుచుకుంది. "సారు విమానమెక్కుతడు. దానికి నేను చేన్లకెల్లి దిగాల్నా?"

 ఆ ప్రశ్నకు జవాబు నాలుగు లైన్ల వార్తలో ఎప్పుడూ రాలేదు.

వానలు పడగానే వనమహోత్సవం జరిగింది. బస్సులో కంపెనీ ఉద్యోగులు ఆకుపచ్చ బనియన్లు తొడుక్కుని వచ్చారు. ఒక్కొక్కరు ఒక్కొక్క మొక్క పట్టుకుని ఫొటో దిగి, దాన్ని గుంతలో దించారు. గుంతలు మాత్రం ముందు రోజు మా ఊరి ఆడవాళ్లు కూలికి తవ్వారు. వాళ్లలో అక్క ఉంది. తన చేన్లో తనే గుంతలు తవ్వి పెట్టింది. అన్నీ అయ్యాక రోడ్డు వైపు పెద్ద బోర్డు పాతారు. ఈ వనం ఏడాదికి ఇంత కర్బనాన్ని పీల్చుకుంటుందని ఇంగ్లీషులో ఒక పెద్ద అంకె. అక్క అడిగితే చదివి చెప్పాను.

"పీల్చుకుంటదా?" మొక్కల వైపు చూసింది. "ఇంకా నాలుగాకులు గూడ లేవు గద తమ్మీ దానికి. గప్పుడే పని చెప్పిన్రా?"

ఆ తర్వాత ఆమె మోకిల వైపు కొత్త విల్లాల్లో ఇంటిపనికి కుదిరింది. పొద్దున వ్యాను వచ్చి ఊరి ఆడవాళ్లను ఎక్కించుకుపోయేది. ఆ పని ఆమెకు నచ్చలేదు. పని రాక కాదు, కష్టమనీ కాదు. "చేన్ల వంగితే నేనే వంగినట్టుంటది. ఆడ వంగితే ఎవరో వంచినట్టుంటది," అంది ఒకసారి, వ్యాను కోసం నిలబడి. ఆమెకు కావలసింది ఒక్కటే, ఆ రెండెకరాలు. దారిలో కలిసిన ప్రతిసారీ అదే అడిగేది, "సారు ఏమన్న అన్నడా తమ్మీ?" అని. సారు నాతో ఏమంటాడు. నమస్కారం పెట్టేవాడు.

అడవికి ఒక నియమం పెట్టారు. దాన్ని దాని మానాన వదిలేయాలి. గడ్డి కోయకూడదు, మేకలు రాకూడదు. ఎవరూ అడుగు పెట్టకపోవడంతో రెండో ఎండాకాలానికి మొక్కలు మనిషెత్తు ఎదిగాయి, వాటితో పోటీగా గడ్డి నడుములోతు పెరిగింది. ఫాల్గుణంలో అదంతా ఎండి, గాలికి గలగలమనేది.

ఇక్కడ ఆ ఫామ్‌హౌస్ అలవాటు ఒకటి చెప్పాలి. ఆదివారం మధ్యాహ్నం లాన్ మీద బొగ్గుల పొయ్యి పెట్టి, చువ్వలకు మాంసం గుచ్చి కాల్చుకుంటారు. విందు అయ్యాక వంటవాడు ఆ నిప్పుల తట్ట ఎత్తి గోడ అవతలికి విసురుతాడు. ఏళ్ల తరబడి అదే పద్ధతి. ఇన్నేళ్లూ ఏమీ కాలేదు, ఎందుకంటే గోడ అవతల ఉన్నది అక్క దున్నిన నేల. ఆమె తిట్టుకుంటూ వచ్చి కాలితో ఇంత మట్టి తోసేది. వంటవాడికి అది తెలియదు. గోడ అవతల ఏదైనా దానంతట అదే ఆరిపోతుందని అనుకునేవాడు. ఆ ఇంట్లో చాలామంది నమ్మకం అదే.

ఆ ఆదివారం మా ఊరి చర్చి నుంచి వచ్చి, రోడ్డు మలుపులో హోటల్ దగ్గర టీ తాగుతున్నాను. గోడ అవతల నుంచి పొగ లేచింది. ఈసారి పల్చగా లేదు. మేము పరుగెత్తేసరికి మంట గడ్డి తలల మీద నడుస్తోంది. ఊరివాళ్లు వేప కొమ్మలు విరిచి కొట్టడం మొదలుపెట్టారు. ఆరోజు పని లేదు కాబట్టి అక్క ఇంట్లోనే ఉంది. పార పట్టుకుని వచ్చింది. గోడ మీది నుంచి విందుకు వచ్చిన వాళ్లు తడి తలలతో ఫోన్లు పట్టుకుని వీడియో తీస్తున్నారు. తడి తలలంటే, ఈత కొలనులోంచి లేచి వచ్చారు.

"సారూ, కొలను నీళ్లు ఇడువుండ్రి, పైపు ఏయిండ్రి," అని హోటలాయన అరిచాడు.

మేనేజర్ గోడ మీది నుంచి వంగి చెప్పాడు. "ఆ నీళ్లలో క్లోరిన్ ఉంటది అన్నా. మొక్కలకు మంచిది కాదు."

అతను హాస్యానికి అనలేదు. సదస్సులో చెప్పింది శ్రద్ధగా విన్న మనిషి.

ఫైరింజన్ వచ్చేసరికి అడవి అయిపోయింది. రోడ్డు వైపు మూలన ఓ గుప్పెడు చెట్లు మిగిలాయి, వాటి పక్కన బోర్డు చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. గట్టు మీది పాత తుమ్మ చెట్లు మాత్రం లోలోపల రగులుతూనే ఉన్నాయి. అక్క వాటి మొదళ్ల మీద మట్టి కప్పుతూ పొద్దుగూకే దాకా అక్కడే ఉంది.

మర్నాడు ఎస్సై వచ్చాడు. మేనేజర్ అతన్ని పక్కకు తీసుకుపోయి, కౌలు పోయిన కోపం ఒకామెకు ఉందని చెప్పాడు. అక్కను పిలిపించారు.

"నువ్వే పెట్టినవంటున్నరు."

"నేను అగ్గి పెట్టేదుంటే నా పత్తి కట్టెకు పెట్టుకుందును సారు. నాకన్న పనికొస్తుండె. అది పెట్టొద్దని ఒట్టేయించుకున్నరు, ఏసిన. ఈల్ల గడ్డికి అగ్గి పెట్టి నాకేమొస్తది, వ్యానుల పోవుడు తప్పుతదా?"

ఎస్సై గోడ వెంబడి నడుచుకుంటూ పోయాడు. నేనూ వెంట నడిచాను. ఒకచోట నేల మిగతా చోట్ల కంటే నల్లగా ఉంది. అక్కడ కుప్పగా బొగ్గులు, వాటిలో కాలిన ఇనుప చువ్వ ఒకటి, నిమ్మచెక్క ఒకటి. ఎస్సై చువ్వను బూటుతో కదిపి చూసి, గోడ వైపు చూసి, ఆకాశం వైపు చూశాడు. "ఎండలు బాగున్నయి ఈ యాడాది," అన్నాడు. అక్కను ఇంటికి పొమ్మన్నాడు.

నేను బొగ్గుల సంగతి కూడా రాసి పంపాను. డెస్కులో చోటు చాలలేదు. ఎండ వేడికి వనం దగ్ధమని వచ్చింది. ఆ వారమే కంపెనీ వాళ్లు గోడ మీది నుంచి తీసిన వీడియో ఫోన్లలో పెట్టి, వాతావరణం ఎంత ప్రమాదంలో ఉందో మా కళ్లతో మేమే చూశాం, ఇకనైనా అందరూ మేలుకోవాలని రాసుకున్నారు. చాలామంది మేలుకున్నట్టే ఉంది, కింద చప్పట్ల బొమ్మలు వరుసగా ఉన్నాయి.

తొలకరికి అక్క మళ్లీ ఫామ్‌హౌస్ గేటు దగ్గరికి పోయింది. చేతిలో టమాటల గంప లేదు, పక్కన నేను ఉన్నాను.

"చేను ఉత్తగనే ఉన్నది గద సారు. మక్కలన్న ఏసుకుంట," అంది మేనేజర్‌తో.

"కుదరదమ్మా. అది అడవి."

"ఏడున్నది అడవి? కాలిపాయె గద."

"కాలింది ఇక్కడ. కంపెనీ రిపోర్టులో ఇంకా ఉన్నది. చాలా ఏండ్ల దాక ఉంటది. అండ్ల మక్కలేస్తే మాకు ప్రాబ్లం అయితది."

అక్క గేటు వదిలి ఆ నల్ల నేల గట్టు మీదికి నడిచింది. వాన పడి, దాని మీద పిచ్చిగడ్డి మళ్లీ లేస్తోంది. ఆ వానకాలం చేను అట్లాగే పోయింది.

మా చర్చిలో కోత పండుగ చలి మొదలయ్యాక వస్తుంది. ప్రతి ఇల్లూ తన చేన్లో పండింది ఏదో ఒకటి తెచ్చి ముందు పెట్టాలి. గుమ్మడికాయ, వరి కంకుల పన, కోడిపుంజు, టమాటల గంప. పాస్టర్ ప్రార్థన చేశాక వేలం వేస్తారు, వచ్చింది చర్చి ఖర్చులకు. ఇందులో మా తాతల నాటి పద్ధతి ఒకటుంది. పాడుకున్నవాడు తెచ్చినవాళ్ల చేతి నుంచే దాన్ని అందుకుని, అందరికీ వినపడేలా "వచ్చే ఏడు ఈ చేన్ల ఇంతకింత పండాలె" అనాలి. అది అనకపోతే వేలం పూర్తయినట్టు కాదు. హిందువులు పాడుకున్నా అంటారు, పొరుగూరివాళ్లు పాడుకున్నా అంటారు.

ఆ ఏడు ఫామ్‌హౌస్ యజమాని ముఖ్య అతిథి. చర్చికి సోలార్ దీపాలు పెట్టించాడు. ముందు వరుసలో పూలదండతో కూర్చున్నాడు. మేనేజర్ తలుపు దగ్గర ఫోన్లో ఉన్నాడు.

అక్క అందరికంటే ఆలస్యంగా వచ్చింది. నెత్తి మీద యూరియా బస్తా. నడవలో తలలు తిరిగాయి. ఎవరి వైపూ చూడకుండా పోయి, గుమ్మడికాయకూ పుంజుకూ మధ్యలో బస్తా దించింది. పుంజు రెక్కలు కొట్టి పక్కకు జరిగింది.

వేలం వేసే సంఘ పెద్ద బస్తా మూతి విప్పి చూశాడు. "ఏందక్కా ఇది?"

"బొగ్గులు."

"బొగ్గులు కోత పండుగకా? గవి పంటెట్లయితయ్?"

"నేను చేసిన చేన్ల ఈ యాడాది పండింది గివ్వే తమ్మీ. గట్టు మీది తుమ్మలయి. వాన పడకముందే ఏరి పెట్టిన. చేన్ల ఏది పండితే అది తేవాలె గద?"

సంఘ పెద్ద పాస్టర్ వైపు చూశాడు. తెచ్చినదాన్ని తిప్పి పంపే అలవాటు మా చర్చిలో లేదు. పాస్టర్ కళ్లు మూసుకున్నాడు. గుమ్మడికాయలకు, ధాన్యానికి, కోళ్లకు వందనాలు చెప్పి, ఒక్క క్షణం ఆగి, "భూమి ఇచ్చిన ప్రతిదానికి" అని ముగించాడు. అనుభవం గల మనిషి.

వేలం మొదలైంది. పుంజు పోయింది, గుమ్మడికాయ పోయింది. బస్తా దగ్గరికి వచ్చేసరికి సంఘ పెద్దకు హుషారు పుట్టింది.

"సారు వనంల పండిన తుమ్మ బొగ్గులు. కల్తీ లేదు. ఎరువు లేదు, మందు లేదు."

మొయినాబాద్‌లో ఇస్త్రీ బండి పెట్టుకున్న ఆయన మొదటి పాట పాడాడు. మక్క కంకులు కాల్చి అమ్మే ఆమె పెంచింది. యజమాని మొదట అందరితో పాటు నవ్వాడు. ముఖ్య అతిథి ఏదో ఒకటి పాడుకోవడం మర్యాద, అతను ఇంకా ఏమీ పాడుకోలేదు. జనం తన వైపే చూస్తున్నారని గమనించి చెయ్యెత్తాడు. ఇస్త్రీ ఆయన ఊరుకున్నాడు.

వెనక నుంచి, సదస్సులో సీసాల మాట అన్న ముసలాయన అన్నాడు. "మంచి బొగ్గులు సారు. మీరు గోడెనుక పారబోసేటియి వీటి ముంగట పనికిరావు."

ఈసారి నవ్వు రాలేదు. పూలదండలోంచి యజమాని ముసలాయన వైపు తిరిగి చూశాడు. నిప్పు సంగతి అతనికి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదనుకుంటాను. చెప్పవలసిన వాళ్లంతా జీతగాళ్లే.

అక్క బస్తా రెండు మూలలు పట్టుకుని నిలబడింది. అతను ఎదురుగా వచ్చి మిగతా రెండు మూలలు పట్టుకున్నాడు. తెల్ల లాల్చీకి నల్లగా అంటింది. సంఘ పెద్ద చెవిలో పద్ధతి చెప్పాడు. అతను తల ఊపి, గొంతు సవరించుకుని, "వచ్చే ఏడు ఈ చేనులో..." అన్నాడు. అక్కడ ఆగిపోయాడు.

చర్చి మొత్తం ఎదురుచూస్తోంది.

"అనుండ్రి సారు, పద్ధతి," అంది అక్క. గొంతులో వెటకారం లేదు. తన పక్క మూలలు వదల్లేదు.

"ఇది ఎట్లా అంటానమ్మా?"

"ఇది అననీకె రాకుంటే ఇంకోటి అనుండ్రి."

"ఏమనాలి?"

"మక్కలేసుకో అనుండ్రి."

అతను తలుపు వైపు చూశాడు. మేనేజర్ ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే, వద్దని చేత్తో సైగ చేస్తున్నాడు. అతను బస్తా వైపు చూశాడు. దించడానికి లేదు, పట్టుకుని నిలబడడానికి లేదు.

"వేసుకో అమ్మా," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "బోర్డు మాత్రం తీయొద్దు."

"నేనెందుకు తీస్త సారు," అంది అక్క, బస్తా అతని చేతుల్లో వదిలేస్తూ.

యాసంగికి మక్క వేసింది. వ్యాను ఎక్కడం మానేసింది. గోడ వెంబడి ఎప్పటిలాగే నేల తిరగేసి ఉంచింది, ఎందుకంటే ఆదివారం నిప్పుల తట్ట ఎప్పటిలాగే వస్తోంది. కంపెనీ వాళ్లు వచ్చి ఫొటోలు తీసుకుంటారు, మూలన మిగిలిన చెట్ల దగ్గర కిందికి కూర్చుని, ఆకాశం వచ్చేలా. మక్క పడకుండా ఎక్కడ కూర్చోవాలో ఇప్పుడు వాళ్లకు అక్కే చూపిస్తుంది.

మొన్న ఒక పెయింటర్ వచ్చి బోర్డు మీది అంకె చెరిపి, ఇంకా పెద్దది రాసి పోయాడు. చెట్లు ఎదిగాయి కాబట్టి పీల్చేది కూడా పెరిగిందట. నిచ్చెన అక్క పట్టుకుంది.

నిన్న పొద్దుగూకే ముందు ఈదురుగాలి వీచింది. వాన వెలిశాక రోడ్డు మీద వస్తుంటే, బోర్డు ఒక పక్కకు ఒరిగి ఉంది. అక్క కంకులు కోయడం ఆపి, గడ్డపారతో దాని మొదట్లో రాళ్లు దిగగొడుతోంది.

"పడితే పడనియ్యి అక్కా. నీకేం పని దానితోని?"

"పడనిస్తెట్ల తమ్మీ?" చెయ్యి ఆపలేదు. "గిది నిలబడ్డన్ని రోజులే గద నేను నిలబడేది. జర అటు దిక్కు పట్టు."

బండి ఆపి, అటు దిక్కు పట్టాను.